హవానాకి నాలుగు రోజులు వెళ్ళొస్తే ఏమవుతుంది? (క్యూబా ఆంక్షల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి)

డల్లాస్ శ్రీను:
అందరికీ నమస్తే. డిసెంబర్ సెలవుల్లో మా అక్కావాళ్ళు లండన్ నుంచి మెక్సికోలో కాంకూన్‌కి వస్తున్నారు, మేం డల్లాస్ నుంచి వెళ్తున్నాం. అక్కడి నుంచి హవానా మరీ దగ్గర. మా బావకి పాత కార్ల పిచ్చి. 1950ల నాటి షెవర్లేలు ఇంకా రోడ్డు మీద టాక్సీలుగా తిరిగే ఊరు పక్కనే ఉంటే చూడకుండా ఎలా వస్తామని పట్టుబట్టాడు.

నాది గ్రీన్‌కార్డ్, మా ఆవిడ ఇంకా హెచ్‌1బీ. బావావాళ్ళవి బ్రిటిష్ పాస్‌పోర్ట్‌లు. ఆఫీసులో ఒకాయన చట్టవిరుద్ధం అన్నాడు. ఇంకొకాయన మా ఫ్రెండ్ వెళ్ళి ఫొటోలు కూడా పెట్టాడు, ఏం కాలేదు అన్నాడు. టెన్షన్ పట్టుకుంది.

ఇంకో సందేహం కూడా ఉంది. ఒక ప్రభుత్వం పక్క దేశంతో వ్యాపారం ఆపేయడం అర్థమవుతుంది. తన దేశంలో ఉన్న మనిషిని "నువ్వు ఆ దేశం పోవద్దు" అని ఎలా ఆపుతుంది? ఎవరు సంతకం పెడతారు? ఎవరు చూస్తారు?

పల్నాటి పిల్లోడు:
వెళ్ళొచ్చెయ్ అన్నా. అమెరికన్ సింగర్లు బియాన్సే, జే-జీ 2013లో పెళ్ళిరోజుకి హవానా వెళ్ళారు, ఎవరేం చేశారు?

నల్లకోటు:
@పల్నాటి పిల్లోడు, తమ్ముడూ, వాళ్ళు ఊరికే వెళ్ళలేదు. లైసెన్స్ ఉన్న ఒక విద్యా యాత్ర సంస్థ ద్వారా వెళ్ళారు. అయినా గొడవైంది. ట్రెజరీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారించి, ఉల్లంఘన లేదని 2014లో తేల్చారు. ఆ "లైసెన్స్" అనే మాట దగ్గరే కథంతా ఉంది.

శ్రీను గారూ, నేను న్యూజెర్సీలో లాయర్‌ని. నాది ఇమిగ్రేషన్ ప్రాక్టీస్ కాబట్టి దీన్ని వృత్తిపరమైన సలహాగా తీసుకోకండి. మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను.

అమెరికా చట్టం "క్యూబా వెళ్ళకూడదు" అనదు. "క్యూబాలో డబ్బు ఖర్చుపెట్టకూడదు" అంటుంది. నడిచి వెళ్ళి, ఏమీ తినకుండా, ఎక్కడా అద్దె కట్టకుండా నడిచి వచ్చేస్తే తప్పులేదన్నమాట. మధ్యలో సముద్రం ఉంది, అది మీ ఇష్టం.

మొదట్లో పాస్‌పోర్ట్‌తోనే ఆపారు. 1961 జనవరి 3న ఐసెన్‌హోవర్ ప్రభుత్వం క్యూబాతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. అదే నెల 16 నుంచి అమెరికన్ పాస్‌పోర్ట్ క్యూబా ప్రయాణానికి చెల్లదని ప్రకటించింది. ఇలా ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉందని 1965లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ రెండేళ్ళకి, 1967లో, అదే కోర్టు ఇంకో కేసులో ఆ పాస్‌పోర్ట్‌తో వెళ్ళడం నేరం మాత్రం కాదు పొమ్మంది. అంటే తాళం ఉంది, తోసుకుని వెళ్ళినవాణ్ణి శిక్షించే దారి లేదు.

పనిచేసింది డబ్బు దారి. 1963 జూలై 8న ట్రెజరీ శాఖ క్యూబా ఆస్తుల నియంత్రణ నిబంధనలు తెచ్చింది. ఇప్పటికీ నడుస్తున్నది అవే, ఎన్నో సవరణలతో. మధ్యలో 1977లో కార్టర్ ప్రయాణ ఆంక్షలు తీసేశాడు, 1982లో రీగన్ మళ్ళీ బిగించాడు. దాని మీద కేసు వేస్తే 1984లో సుప్రీంకోర్టు 5-4తో ప్రభుత్వం వైపే నిలిచింది. ఒక్క ఓటు తేడా.

గోదారిగట్టు:
మా చిన్నప్పుడు ఊళ్ళో వెలివేయడం చూశాను. ఆ ఇంటికి వెళ్ళొద్దని ఎవరూ కాపలా ఉండరు. కొట్లో సరుకివ్వరు, పొలానికి కూలీలు రారు. వాళ్ళింట్లో భోజనం చేసినట్టు తెలిస్తే నీకూ జరిమానా. దీన్ని ట్రెజరీ శాఖ వాళ్ళు కనిపెట్టామనుకుంటున్నారేమో.

నల్లకోటు:
మీ ఉపమానం బాగుంది గోదారిగట్టు గారూ. భోజనం చేసినవాడి జరిమానా గురించి తర్వాత చెబుతాను, అసలు విషయం అదే.

డల్లాస్ శ్రీను:
మరి సంతకం ఎవరిది సార్? కాంగ్రెస్సా, ప్రెసిడెంటా?

నల్లకోటు:
వరస ఇలా ఉంటుంది. ముందు కాంగ్రెస్ చట్టం చేసి అధికారం ఇస్తుంది. ఆ అధికారం వాడుతున్నానని అధ్యక్షుడు ప్రకటన ఇస్తాడు. దాన్ని నిబంధనలుగా రాసేది శాఖలు. డబ్బు సంగతి ట్రెజరీ శాఖలో ఓఫాక్ అనే కార్యాలయం చూస్తుంది, సరుకు ఎగుమతి వాణిజ్య శాఖ, పాస్‌పోర్ట్, వీసా విదేశాంగ శాఖ. చివరికి అమలు చేసేది మాత్రం వీళ్ళెవరూ కాదు, బ్యాంకులో కూర్చున్న గుమాస్తా, ఆయన ముందున్న సాఫ్ట్‌వేర్.

క్యూబా విషయంలో వాడిన చట్టం పేరు వింటే ఆశ్చర్యపోతారు. శత్రువుతో వ్యాపార నిషేధ చట్టం, 1917 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ కోసం చేసింది. ఇరాన్, రష్యా లాంటి దేశాల మీద వాడేది 1977లో వచ్చిన అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం. ఆ కొత్త చట్టం కింద ప్రయాణ ఖర్చుల మీద నిషేధం పెట్టడానికి వీల్లేదు. పాత చట్టం కింద వీలుంది. అందుకే క్యూబాని అధ్యక్షులందరూ పాత చట్టం కిందే అట్టిపెట్టారు. ప్రతి ఏడాదీ సెప్టెంబర్‌లో "దేశ ప్రయోజనాల దృష్ట్యా ఇంకో ఏడాది" అని ఒక కాగితం మీద సంతకం పెడతారు. స్నేహం చేసిన ఒబామా కూడా పెట్టాడు.

కొత్తిమీర:
మంచి సమాచారం. నా అనుభవం ఒకటి. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్ళం ఒక శనివారం క్యూబన్ శాండ్‌విచ్‌లు తెప్పించుకున్నాం. నా వాటా డబ్బు ఫోన్ యాప్‌లో పంపుతూ నోట్‌లో "క్యూబన్" అని రాశాను, అంతే. డబ్బు ఆగిపోయింది. ఇది దేని కోసం, క్యూబాతో సంబంధమేంటి, వివరించండి అని మెయిల్. పన్నెండు డాలర్లకి! టర్కీ, చీజ్, ఊరగాయ దోసకాయ వేసిన రొట్టె అని రాసి పంపాను.

పల్నాటి పిల్లోడు:
😂😂 టర్కీ అని కూడా రాశారా, ఆ దేశం పేరు కూడా చేర్చారన్నమాట.

మౌలాలి మాస్టారు:
నవ్వులాట కాదు నాయనా. మన మీద కూడా పెట్టారు, మర్చిపోయారా? నేను హైదరాబాద్‌లో రక్షణ రంగానికి విడిభాగాలు చేసే చిన్న యూనిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాక అమెరికా ఆంక్షలు పెట్టింది. ఆ నవంబర్‌లో ఎగుమతుల నిషేధ జాబితాలోకి మన సంస్థలు బోలెడు ఎక్కాయి. అంతకుముందు 1992లో రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజన్ కొంటున్నామని ఇస్రో మీద రెండేళ్ళు పెట్టారు.

మా యూనిట్‌కి ఒక కొలత పరికరం అమెరికా నుంచి రావాలి. డబ్బు కట్టేశాం. రాలేదు. రిపేరుకి పంపిన పాతదీ తిరిగి రాలేదు. ఆ పరికరం లేకుండా ఏడాదిన్నర చేత్తో కొలిచి పనిచేశాం. 2001 సెప్టెంబర్‌లో, న్యూయార్క్ దాడులు జరిగిన రెండు వారాలలోపే, బుష్ ఆ ఆంక్షలు ఎత్తేశాడు. అప్పటికి వాళ్ళకి మన అవసరం పడింది. అయినా కొన్ని పేర్లు జాబితాలో ఉండిపోయాయి. భారత్ డైనమిక్స్, డీఆర్‌డీఎల్, శ్రీహరికోట కేంద్రం పేర్లు తీసింది 2011 జనవరిలో. పెట్టడానికి కొన్ని నెలలు, తియ్యడానికి పన్నెండేళ్ళు.

నల్లకోటు:
మాస్టారూ, మీరన్న ఆ చివరి వాక్యమే క్యూబా కథ కూడా. అక్కడ పన్నెండేళ్ళు కాదు, అరవై దాటాయి.

ఎర్రమట్టి:
చరిత్ర ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు కాబట్టి నేను చెబుతా. 1959లో ఫిడెల్ కాస్ట్రో నాయకత్వంలో విప్లవం గెలిచింది, భూసంస్కరణలు వచ్చాయి. 1960 జూన్‌లో సోవియట్ ముడిచమురు శుద్ధి చెయ్యమని అమెరికన్, బ్రిటిష్ కంపెనీల రిఫైనరీలు మొండికేశాయి. క్యూబా వాటిని స్వాధీనం చేసుకుంది. జూలైలో అమెరికా చక్కెర కోటా కోసింది, ఆ ఏడాది కొనాల్సిన దాంట్లో మిగిలిన 7 లక్షల టన్నులు వద్దంది. ఆ దేశానికి చక్కెర తప్ప వేరే బతుకు లేదు. అప్పుడు క్యూబా మిగతా అమెరికన్ ఆస్తులు కూడా జాతీయం చేసింది. అక్టోబర్ 19న ఎగుమతులు బంద్, ఆహారం, మందులు తప్ప. 1962 ఫిబ్రవరి 3న కెనెడీ పూర్తి నిషేధానికి సంతకం పెట్టాడు.

ఉద్దేశం ఏమిటో దాచుకోలేదు కూడా. 1960 ఏప్రిల్‌లో విదేశాంగ శాఖలో లెస్టర్ మాలరీ అనే అధికారి ఒక నోట్ రాశాడు. కాస్ట్రోకి ప్రజల మద్దతు ఎక్కువ, కాబట్టి డబ్బూ సరుకూ అందకుండా చేసి, జీతాలు పడేసి, ఆకలి, నిస్పృహ తెప్పించి ప్రభుత్వాన్ని కూల్చాలని దాని సారాంశం. ఇప్పుడా కాగితం వాళ్ళ ప్రభుత్వమే బయటపెట్టింది, ఎవరైనా చదువుకోవచ్చు.

గోదారిగట్టు:
సంతకం పెట్టే ముందు కెనెడీ తన ప్రెస్ సెక్రటరీ పియరీ సాలింజర్‌ని పిలిచి, రేపు పొద్దున్నకల్లా వెయ్యి క్యూబన్ చుట్టలు కావాలన్నాడట. ఆయన 1,200 తెచ్చాడట. అవి చేతికొచ్చాకే సంతకం. సాలింజర్ స్వయంగా చెప్పుకున్న సంగతే ఇది. మన ఊరి పెద్దమనుషులు గుర్తొచ్చారు.

హ్యూస్టన్ హరిత:
ఎర్రమట్టి గారూ, రెండో వైపు కూడా చెప్పాలి కదా. నాతో పనిచేసే ఆవిడ మయామీలో పెరిగిన క్యూబన్. వాళ్ళ తాతగారి మందుల షాపు, ఇల్లు రెండూ పోయాయి, పైసా పరిహారం లేదు. అలా పోయిన అమెరికా పౌరుల, కంపెనీల ఆస్తుల మీద అమెరికా కమిషన్ 5,913 క్లెయిమ్‌లు నిజమేనని ధ్రువీకరించింది, విలువ అప్పటి లెక్కలో దాదాపు 190 కోట్ల డాలర్లు. 2021 జూలై 11న జనం తిండి లేదు, కరెంటు లేదు, స్వేచ్ఛ కావాలని రోడ్డెక్కితే ఏం చేశారు? వందల మందిని జైల్లో వేశారు. దాన్ని కూడా ఆంక్షల ఖాతాలో రాస్తారా?

ఎర్రమట్టి:
జైల్లో వేయడం తప్పే. కాదన్నానా? కానీ తిండి లేకపోవడంలో ఆంక్షల వాటా ఎంత, అక్కడి ప్రభుత్వం వాటా ఎంత అని ఎవరు కొలిచారు?

హ్యూస్టన్ హరిత:
కొలవలేం, నిజమే. అందుకే హవానా ప్రభుత్వానికి అది బంగారం లాంటి సాకు. పప్పు లేదా? ఆంక్షలు. పెయింట్ లేదా? ఆంక్షలు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మ కూడా ఇదే అంటుంది, ఆంక్షలు ఎత్తేస్తే ఆ ముసలి నాయకులకి చెప్పుకోడానికి ఏమీ మిగలదని. ఆవిడ మాత్రం ఎత్తకూడదనే ఓటేస్తుంది 🙂

ఎర్రమట్టి:
మనవాళ్ళ మాట ఒకటి చెప్పి ఆపుతా. సోవియట్ యూనియన్ కూలాక 1992లో సీపీఎం నాయకుడు హరికిషన్ సింగ్ సుర్జీత్ ఇక్కడ ఊరూరా అడిగి 10 వేల టన్నుల గోధుమలు పోగుచేసి క్యూబాకి ఓడలో పంపించాడు. అప్పుడు ఢిల్లీలో ప్రధాని మన పీవీయే.

నల్లకోటు:
ఇక భోజనం చేసినవాడి జరిమానా. అదే 1992లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఏ దేశపు ఓడైనా సరే, వ్యాపారానికి క్యూబా రేవులో ఆగితే తర్వాత 180 రోజులు అమెరికా రేవులో సరుకు దించకూడదు, ఎక్కించకూడదు. అమెరికా కంపెనీలకి బయటి దేశాల్లో ఉన్న శాఖలు కూడా క్యూబాతో వ్యాపారం చెయ్యకూడదు. ఇంకో నిబంధన ఉంది, వేరే దేశంలో తయారైన వస్తువైనా అందులో అమెరికా భాగాల విలువ 10 శాతం దాటితే లైసెన్స్ లేకుండా క్యూబాకి అమ్మకూడదు. విమానాలు, స్కానింగ్ మెషిన్లు ఎక్కడ చేసినా ఆ లెక్క దాటకుండా ఉండటం కష్టం.

ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సంగతి చూడండి. సూడాన్, ఇరాన్, క్యూబాలకి డాలర్ లావాదేవీలు చేసిందని 2014లో దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టించారు. ఫ్రాన్స్‌లో అది తప్పు కాదు. కానీ డాలర్ ఎక్కడ తిరిగినా చివరికి న్యూయార్క్ బ్యాంకుల గుండా వెళ్ళాలి కదా. ఆ మెట్టు దగ్గర పట్టుకున్నారు.

ఇక ఎందుకు ఎత్తలేరంటే, 1996 ఫిబ్రవరి 24న మయామీ సంస్థ ఒకదానికి చెందిన రెండు చిన్న విమానాలని క్యూబా మిగ్‌లు కూల్చేశాయి, నలుగురు చనిపోయారు. క్లింటన్ అప్పటిదాకా వద్దంటున్న హెల్మ్స్-బర్టన్ చట్టం మీద మార్చి 12న సంతకం పెట్టాల్సి వచ్చింది. దాంతో కెనెడీ సంతకంతో మొదలైన నిషేధం చట్టంలోకి ఎక్కిపోయింది. క్యూబాలో ఎలాంటి ప్రభుత్వం వస్తే ఎత్తాలో కూడా అందులోనే రాశారు, ఫిడెల్ కాస్ట్రో, ఆయన తమ్ముడు రావుల్ ఇద్దరూ ఆ ప్రభుత్వంలో ఉండకూడదనే దాకా. అభిమన్యుడి పరిస్థితి. లోపలికి వెళ్ళే దారి అధ్యక్షుడి చేతిలో ఉంది, బయటికొచ్చే దారి కాంగ్రెస్ చేతిలో.

మౌలాలి మాస్టారు:
మరి ఒబామా హవానా వెళ్ళాడు, జెండా ఎగరేశారు, అంతా చూశాం కదండీ?

నల్లకోటు:
చేశాడు, చట్టం వదిలిన సందుల్లోంచి. 2014 డిసెంబర్ 17న ప్రకటించాడు, 2015 మేలో ఉగ్రవాద మద్దతు దేశాల జాబితాలోంచి క్యూబాని తీశారు, జూలైలో రాయబార కార్యాలయాలు తెరిచారు, 2016 మార్చిలో ఆయనే వెళ్ళాడు, ఆగస్టులో మామూలు విమానాలు మొదలయ్యాయి. ట్రంప్ వచ్చి 2017 నుంచి ఒక్కొక్కటే మూశాడు, 2019లో క్రూయిజ్ ఓడలు ఆగాయి. పదవి దిగడానికి వారం ముందు, 2021 జనవరి 12న, మళ్ళీ ఉగ్రవాద జాబితాలో పెట్టాడు. బైడెన్ కూడా దిగడానికి ఆరు రోజుల ముందు, 2025 జనవరి 14న, తీస్తున్నానన్నాడు. ట్రంప్ ప్రమాణం చేసిన రోజే ఆ కాగితం రద్దు. అత్త పెట్టిన తాళం కోడలు తీసి, మళ్ళీ అత్త వేసినట్టుంది.

పల్నాటి పిల్లోడు:
ఐక్యరాజ్యసమితి ఏం చేస్తుంది ఇంత జరుగుతుంటే?

ఎర్రమట్టి:
1992 నుంచి దాదాపు ప్రతి ఏడాదీ ఓటు వేసి నిషేధం ఎత్తమంటుంది. 2024లో 187 దేశాలు ఎత్తమన్నాయి, వద్దన్నవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే. 2025 అక్టోబర్‌లో 165కి తగ్గింది, వ్యతిరేకం ఏడు. జనరల్ అసెంబ్లీ తీర్మానానికి కట్టుబడాల్సిన పని లేదు కాబట్టి అందరూ ఓటేసి భోజనానికి వెళ్ళిపోతారు.

డల్లాస్ శ్రీను:
చాలా తెలిసింది, అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు నా సంగతి చెప్పండి సార్. వెళ్ళచ్చా, వద్దా?

నల్లకోటు:
మీరిద్దరూ అమెరికా నివాసులు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా ఈ నిబంధనలు వర్తిస్తాయి, మెక్సికో మీదుగా వెళ్ళినా వర్తిస్తాయి. టూరిజం కోసం అక్కడ ఖర్చుపెట్టడాన్ని 2000లో చేసిన చట్టమే నిషేధించింది, దాన్ని ఏ అధ్యక్షుడూ అనుమతించలేడు. (తమాషా ఏంటంటే, అమెరికా రైతులు క్యూబాకి ఆహారం అమ్ముకునే దారి తెరిచింది కూడా అదే చట్టం, ముందే నగదు కడితేనే. హవానాలో వండే కోడి చాలా వరకు అమెరికా కోడే.)

అనుమతి ఉన్నవి 12 రకాల ప్రయాణాలు. బంధువుల్ని చూడటం, పత్రికా పని, పరిశోధన, మతపరమైనవి, ఇలా. మామూలు జనం వాడుకునేది "క్యూబా ప్రజలకు మద్దతు" అనే రకం. ఎవరికీ దరఖాస్తు పెట్టక్కర్లేదు. కానీ ప్రైవేటు ఇళ్ళలో దిగాలి, ప్రైవేటు హోటళ్ళలో తినాలి, రోజంతా అక్కడి మనుషులతో పనికొచ్చే కార్యక్రమాలుండాలి. బీచ్‌లో పడుకుంటే కుదరదు. ప్రభుత్వ హోటళ్ళ నిషేధ జాబితా వేరే ఉంది. రసీదులు, రోజువారీ షెడ్యూల్ దాచుకోవాలి, ఇదివరకు అయిదేళ్ళు, 2025 మార్చి నుంచి పదేళ్ళు. చుట్టలు, రమ్ వెనక్కి తేకూడదు. మీ అమెరికా కార్డులు అక్కడ పనిచేస్తాయనుకోకండి, నగదే. సివిల్ జరిమానా గరిష్ఠంగా ఒక్కో ఉల్లంఘనకి లక్ష డాలర్ల పైమాటే. మామూలు యాత్రికుల మీద అంత వేసిన దాఖలా నాకు తగల్లేదు. కానీ గ్రీన్‌కార్డ్, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు కాగితాల విషయంలో ధైర్యం చెయ్యకూడదని నా అభిప్రాయం.

మీరు అడగనిది ఇంకొకటి. మీ బావగారి సంగతి. బ్రిటిష్ వాళ్ళు క్యూబా వెళ్ళడానికి వాళ్ళ దేశంలో ఏ అడ్డూ లేదు. కానీ 2021 జనవరి 12 తర్వాత క్యూబాలో అడుగుపెట్టినవాళ్ళకి వీసా లేకుండా అమెరికా వచ్చే ఎస్టా సదుపాయం పోతుంది. తర్వాత ఎప్పుడు రావాలన్నా వీసాకి దరఖాస్తు, ఇంటర్వ్యూ. ఉగ్రవాద జాబితా అని చెప్పానే, దాని ఫలితం ఇది.

డల్లాస్ శ్రీను:
అమ్మో! మేలో మా పాప ఓణీల ఫంక్షన్ ఉంది ఇక్కడ, మేనమామ భార్య కాదు, సొంత మేనత్త లేకుండా ఎలా? అక్కకి ఫోన్ చేస్తున్నా.

కొత్తిమీర:
అక్క ఏమన్నారో చెప్పండి 😀

డల్లాస్ శ్రీను:
"ఆ డొక్కు కార్ల కోసం పిల్ల ఫంక్షన్‌కి రాకుండా వీసా లైన్లో నుంచుంటారా" అని బావకి క్లాసు పీకింది. క్యూబా క్యాన్సిల్. ఆ నాలుగు రోజులూ కాంకూన్‌లోనే ఉంటున్నాం. బావ మొహం చూడలేకపోతున్నా, వీడియో కాల్‌లోనే.

మౌలాలి మాస్టారు:
మంచి పని చేశారు నాయనా. కార్లెక్కడికీ పోవు. అరవై ఏళ్ళుగా అక్కడే తిరుగుతున్నాయి.

డల్లాస్ శ్రీను:
అందరికీ ఒక అప్‌డేట్. కాంకూన్‌లో అదనపు రోజుల ఇంటి అద్దెలో తన వాటా బావ నిన్ననే పంపాడు. నోట్‌లో ఏం రాశాడంటే, "క్యూబా క్యాన్సిల్, ఇంటి అద్దె వాటా".

డబ్బు ఆగింది. వివరణ అడుగుతూ మెయిల్ వచ్చింది. కొత్తిమీర గారూ, మీ పన్నెండు డాలర్లు ఎన్ని రోజులకి కదిలాయి?

కొత్తిమీర:
పదకొండు.